రాత్రి పదింటి భోజనం, అర్ధరాత్రి గుండెల్లో మంట

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు 48 ఏళ్ళు. నాలుగేళ్ళుగా బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను. రెండేళ్ళ నుంచి గుండెల్లో మంట, నోట్లోకి పులినీళ్ళు. మావారు రొయ్యల చెరువు దగ్గర్నుంచి వచ్చేసరికి రాత్రి పదవుతుంది. ఆయన తిన్నాక నేను తిని, గిన్నెలు సర్దుకుని పడుకుంటాను. కన్ను మూతపడిన గంటకే గొంతులోకి తన్నుకొచ్చి లేచి కూర్చోవాల్సి వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన గ్యాస్ బిళ్ళ పొద్దున్నే వేసుకుంటే నయంగా ఉంటోంది. మానేస్తే మంట రెట్టింపవుతోంది. ఆ బిళ్ళలతో కిడ్నీలు పోతాయని మా అత్తగారు భయపెడుతున్నారు. మోకాళ్ళ నొప్పులకు మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు ఇచ్చిన బిళ్ళలు కూడా అప్పుడప్పుడు వాడతాను. ఈమధ్య ఒళ్ళు కూడా చేశాను. చల్లని పాలు తాగమని ఒకరు, వాము నీళ్ళని ఒకరు, కలబంద రసమని ఒకరు, యాపిల్ సైడర్ వెనిగర్ అని మా అమ్మాయి, తలో మాటా చెబుతున్నారు. బిళ్ళలు మానేసి సహజంగా తగ్గించుకునే దారి చెప్పండి. పులుపూ కారం పూర్తిగా మానేయాలా? పులస కూడా తినకూడదా?
- ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపినవి మంట గురించిన మాటలు కావు. 48 ఏళ్ళు, బీపీ అన్న రెండు మాటలు. గ్యాసే కదా అని ఇంట్లో ఉండిపోయి గుండెపోటు ముదరబెట్టుకున్నవాళ్ళు మన వైపు తక్కువేమీ లేరు. అందుకని సహజ పద్ధతుల జోలికి వెళ్ళేముందు ఒకసారి ఈసీజీ తీయించుకోండి. అమలాపురం దాకా వెళ్ళే పనున్న రోజు చూసుకున్నా సరే, వాయిదా మాత్రం వేయకండి.

తిన్నాక రావడం, పడుకుంటే ఎక్కువవడం, లేచి కూర్చుంటే తగ్గడం, నోట్లోకి పులినీళ్ళు రావడం. ఇవన్నీ కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నినప్పుడు ఉండే లక్షణాలే. అయితే మెట్లెక్కినప్పుడో నీళ్ళ బిందె మోసినప్పుడో ఛాతీ పట్టేసినట్టయి, ఆగితే సర్దుకుంటోందంటే అది వేరే సంగతి. ఆడవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి గట్టి నొప్పి లేకుండా వికారంగా, నీరసంగా, పైపొట్టలో మంటగా కూడా వస్తుంది. చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో చేతికో పాకినా ఈనో కలుపుకుని చూద్దామని కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి.

ఈసీజీ బాగానే ఉందనుకుందాం. ఇప్పుడు మంట సంగతి.

మీరు కడుపులో ఆమ్లం ఎక్కువైందని అనుకుంటున్నారేమో. చాలామందిలో అది ఎక్కువేమీ కాదు, మామూలుగా ఉండాల్సినంతే ఉంటుంది. ఉండకూడని చోటికి రావడమే ఇబ్బంది. మీది సముద్రానికి దగ్గర ఊరు కాబట్టి ఇది మీకు తేలిగ్గా అర్థమవుతుంది. మురుగు కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర స్లూయిజు తలుపులు గట్టిగా ఉన్నంతకాలం పోటు వచ్చినా ఉప్పునీరు వెనక్కి రాదు. తలుపు వదులైతే వరిచేలోకి ఎక్కేస్తుంది. అన్నవాహిక కడుపులో కలిసేచోట కూడా అలాంటి బిగుతైన కండరం ఒకటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగగానే మూసుకోవాలి. కడుపు మరీ నిండి సాగితే అది ముద్ద లేకుండానే మాటిమాటికీ తెరుచుకుంటుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరితే కిందినుంచి ఒత్తిడి పెరుగుతుంది. కొందరికి కడుపు పైభాగమే కాస్త ఛాతీలోకి జారి ఉంటుంది. దాన్ని హయాటస్ హెర్నియా అంటాం. కడుపు లోపలి గోడకు ఆమ్లాన్ని తట్టుకునే జిగురు పొర ఉంది. అన్నవాహికకు అంతటి రక్షణ లేదు, అందుకే మంట.

మెలకువగా ఉన్నప్పుడు పైకొచ్చిన ఆమ్లాన్ని మనం తెలియకుండానే మింగే లాలాజలం కడిగేస్తుంది, కూర్చునో నిలబడో ఉంటాం కాబట్టి మిగిలింది దానంతట అదే కిందికి జారుతుంది. నిద్రలో లాలాజలం ఊరడం, మింగడం రెండూ బాగా తగ్గిపోతాయి. పైగా పడుకుని ఉంటాం. వచ్చిన ఆమ్లం వచ్చినచోటే నిలిచిపోతుంది. పగటి మంటకంటే రాత్రి మంట అన్నవాహికను ఎక్కువగా పాడుచేసేది ఇందుకే.

కాబట్టి మీరు ఏం తింటున్నారన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు మీరే రాశారు: పదింటికి ఆయన భోజనం, ఆ తర్వాత మీది, తర్వాత గిన్నెలు, వెంటనే పడక. అన్నం, కూర కడుపులోంచి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. అంటే మీరు రోజూ నిండు కడుపుతో పడుకుంటున్నారు. దీన్ని మార్చకుండా ఏ బిళ్ళ వేసినా, ఏ రసం తాగినా సగం పనే జరుగుతుంది.

రాత్రి ఏడు, ఏడున్నరకల్లా మీరు తినేయండి. తినడానికీ పడుకోవడానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. చెప్పడం తేలిక, చేయడం కష్టమని నాకు తెలుసు. భర్త తినకుండా భార్య తినడమేమిటని మీ అత్తగారు అనొచ్చు, మీ మనసే ఒప్పుకోకపోవచ్చు. అలాగైతే ఈ జవాబు మీవారికి చదివి వినిపించండి. సాయంత్రం మేత వేయించి, ఏరియేటర్లు చూసుకుని రావడం ఆయనకు తప్పని పని. కానీ మీరు అప్పటిదాకా ఆకలితో ఉండి, అన్ని గంటల ఆకలినీ ఒక్కసారిగా తీర్చుకోవడం తప్పని పనేమీ కాదు. వీలైతే ఆయనకు కూడా క్యారియర్ కట్టి పంపండి, చెరువు దగ్గరే ఎనిమిదింటికి తినేస్తారు. ఆ ఏర్పాటు ఆయన పొట్టకీ మంచిదే. కుదరదంటే ఆయన వచ్చాక ఎదురుగా కూర్చుని వడ్డించండి, ఊళ్ళో కబుర్లు చెప్పండి, మీ కంచం మాత్రం ముందుకు తెచ్చుకోకండి.

ఇంకో సంగతి మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర పారేయబుద్ధి కాక, అందులో రెండు ముద్దలు కలుపుకుని తినేసే అలవాటు మన ఇళ్ళలో ఆడవాళ్ళకే ఉంటుంది. ఆకలి లేకుండా తినే ఆ రెండు ముద్దలే కడుపుని సాగదీసేవి. అన్నం మిగిలితే నీళ్ళు పోసి ఉంచండి, పొద్దున చద్దన్నం అవుతుంది. కూర మిగిలితే రేపటి నుంచి తక్కువ వండండి. చాలు మొర్రో అన్నా వినకుండా ఇంకో గరిటె వేయడం మన గోదావరి జిల్లాల మర్యాద. ఆ మర్యాద కడుపుకి తెలియదు.

తర్వాత మంచం. తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుంటున్నారేమో, దాంతో లాభం లేదు. దిండ్లతో మెడ, నడుము వంగి పొట్ట నొక్కుకుపోతుంది. మంచమే తలవైపు ఎత్తు కావాలి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. వరద వచ్చినప్పుడు నాలుగు కోళ్ళ కిందా ఇటుకలు పెట్టి మంచం లేపడం లంక గ్రామాలవాళ్ళకు తెలిసిన పనే. మీరు తలవైపు రెండు కోళ్ళ కిందే పెట్టండి, ఒక్కోదాని కింద రెండేసి ఇటుకలు సరిపోతాయి. కదలకుండా గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. నులక మంచమో నవారు మంచమో మధ్యలో కుంగిపోయి ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, చెక్క మంచం మీదికి మారండి. మొదటి రెండు మూడు రోజులు కిందికి జారుతున్నట్టుంటుంది, తర్వాత అలవాటవుతుంది.

పడుకునేటప్పుడు ఎడమవైపు తిరిగి పడుకోండి. మన కడుపు ఉండే తీరును బట్టి, ఎడమవైపు పడుకుంటే అన్నవాహిక కలిసేచోటు పైన, కడుపులోని ద్రవం కింద ఉంటాయి. కుడివైపు తిరిగితే అది తలకిందులవుతుంది. పైసా ఖర్చు లేని వైద్యం ఇది. మీరు సహజమైనది కావాలన్నారు కదా, వెనిగర్ సీసా కంటే ఇటుకలూ ఎడమవైపు పడకా ఎక్కువ సహజమని నా అభిప్రాయం. పరిశోధనల్లో కూడా వీటికే ఎక్కువ ఆధారం ఉంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీసే అలవాటుంటే పడక కుర్చీలో తీయండి, మంచం మీద కాదు. తిన్న వెంటనే వంగి చేసే పనులు పెట్టుకోవద్దు. ఇంకోటి, మగ డాక్టర్లం అడగడానికి మొహమాటపడేది: చీర కింద లంగా బొందు ఎంత బిగించి కడుతున్నారు? రాత్రికి నడుము మీద ఎర్రగా గాడి కనిపిస్తే అది పొట్టను కూడా అంతే నొక్కుతోందన్నమాట. కాస్త వదులు చేయండి, ఇంట్లో ఉన్నప్పుడు నైటీ వేసుకున్నా మంచిదే. ఒళ్ళు చేశానన్నారు. పది కిలోలు తగ్గాలని నేననను, మూడు నాలుగు కిలోలు తగ్గినా రాత్రి మంటలో తేడా తెలుస్తుంది. మోకాళ్ళకూ బరువు తగ్గుతుంది కాబట్టి ఆ బిళ్ళల అవసరం కూడా తగ్గుతుంది.

ఇక పులుపూ కారం. మొత్తం మానేయమని చెప్పే డాక్టర్లు ఉన్నారు, నేను చెప్పను. చింతపండు, గోంగూర, ఆవకాయ లేకుండా మన భోజనం నాలుగు రోజులు నడుస్తుందేమో, ఐదోరోజు దాని మీదే మనసు పోయి రెండింతలు తింటాం. పైగా ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. అనుమానం ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా రెండు వారాలు ఆపి చూడండి, మళ్ళీ మొదలుపెట్టండి. మంట తిరిగొస్తే అది మీకు పడదు, రాకపోతే నిశ్చింతగా తినండి. అన్నీ ఒకేసారి ఆపేస్తే దోషి ఎవరో ఎప్పటికీ తేలదు.

ముందు అనుమానించాల్సినవి చెబుతాను. సాయంత్రం బజ్జీలు, పునుగులు. నూనెలో తేలేవన్నీ కడుపులో ఎక్కువసేపు ఉండిపోతాయి. పొద్దున్నే ఖాళీ కడుపున చిక్కటి కాఫీ. పచ్చి ఉల్లిపాయ. ఆవ పెట్టిన పనసపొట్టు కూర రాత్రిపూట. పుదీనా చల్లదనం ఇస్తుందని చాలామంది నమ్ముతారు కానీ అది ఆ కండరాన్ని వదులు చేసే రకం, పుదీనా బిళ్ళలు చప్పరించడం మానండి. భోజనం తర్వాత వక్క, జర్దా వేసుకునే అలవాటుంటే అది మానడానికి మంటతో పనిలేదు, నోటి క్యాన్సర్ భయం ఒక్కటి చాలు. కోనసీమలో కొబ్బరి పడని కూర ఉండదు కాబట్టి అది కూడా చెప్పాలి: కొబ్బరి నీళ్ళు చాలామందికి హాయిగానే ఉంటాయి, కొబ్బరి పాలు పోసి చిక్కగా చేసిన కూరలు కొవ్వు కాబట్టి రాత్రికి బరువు. అరటిపండు ఎక్కువమందికి పడుతుంది.

పులస తినండి. కానీ అది కొవ్వున్న చేప, మన పులుసులో నూనె, చింతపండు, కారం కూడా దండిగానే పడతాయి. ఎలాగూ పులస పులుసు మర్నాటికే రుచి అంటారు కాబట్టి, మర్నాడు మధ్యాహ్నం రెండు ముక్కలతో ఆగండి, ఆ పూట నిద్రపోకండి. రాత్రికి మాత్రం అన్నం, పలచటి పప్పు, నూనె తక్కువ వేసిన బీరకాయో సొరకాయో, పలచటి మజ్జిగ. మజ్జిగ పులిసిపోయి ఉండకూడదు.

చిట్కాల సంగతి. చల్లని పాలు తాగగానే మంట తగ్గుతుంది, నిజమే. కాసేపటికి పాలలోని ప్రొటీన్, కాల్షియం కడుపుని మళ్ళీ ఆమ్లం ఊరేలా చేస్తాయి, కాబట్టి పడుకునేముందు గ్లాసు పాలు వద్దు. వాము, జీలకర్ర కడుపు ఉబ్బరానికి కొంత పనికొస్తాయి. జీలకర్ర నీళ్ళు గోరువెచ్చగా తాగండి, తప్పులేదు. వాము ఘాటు, మంట ఉన్నప్పుడు దాంతో ఇంకా మండుతుంది. అల్లం కొద్దిగా అయితే వికారానికి మంచిది, ఎక్కువైతే అదే మంట పుట్టిస్తుంది. కలబంద మట్ట కోసినప్పుడు కారే పసుపు జిగురు విరేచనకారి, ఇంట్లో తీసిన రసంలో అది కలవకుండా చూడడం కష్టం, వదిలేయండి. వెనిగర్ వాడితే మంట తగ్గుతుందని చెప్పే గట్టి ఆధారమేదీ లేదు. అది స్వయంగా ఆమ్లం, ఇప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహిక మీద, పళ్ళ మీద పోయడమెందుకు? మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. వంట సోడా, ఈనో లాంటివాటిలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళకు రోజూ పనికిరావు.

వీటన్నిటికంటే మీరు జాగ్రత్తపడాల్సింది అతిమధురం. ఎసిడిటీ చూర్ణాల్లో తరచుగా కలుపుతారు, తియ్యగా ఉంటుంది, మూలికే కదా అనుకుంటాం. కానీ అది ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. చూర్ణం డబ్బా మీద ఆ పేరుంటే మీరు ముట్టుకోవద్దు.

ఇప్పుడు బిళ్ళలు. ముందు మోకాళ్ళవి. అవి డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో అయ్యుండాలి. రెండూ కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, బీపీని కూడా పెంచుతాయి, మీ అత్తగారు భయపడే కిడ్నీల సంగతికొస్తే నేను గ్యాస్ బిళ్ళ కంటే ముందు వీటినే అనుమానిస్తాను. పారాసెటమాల్‌తో సరిపోతుందేమో డాక్టరుని అడగండి. ఏ బిళ్ళైనా గుక్కెడు నీళ్ళతో మింగి నడుం వాల్చకండి, నిండా గ్లాసు నీళ్ళు తాగి అరగంట కూర్చోండి. కొన్ని బిళ్ళలు అన్నవాహికలో అతుక్కుని అక్కడే పుండు చేస్తాయి.

బీపీ బిళ్ళ పేరు మీరు రాయలేదు. ఎమ్లోడిపిన్ రకం అయితే అది రక్తనాళాలతో పాటు ఆ తలుపు కండరాన్ని కూడా కొంత వదులు చేయొచ్చు. మీ అంతట మీరు ఆపేయొద్దు, అది మంటకంటే ప్రమాదం. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మంట ఉందని చెప్పి, మార్చే వీలుందా అని అడగండి.

గ్యాస్ బిళ్ళ అంటే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్‌లలో ఏదో ఒకటి అయ్యుంటుంది. కిడ్నీలు పోతాయన్న భయం పూర్తిగా గాలిమాట కాదు, అరుదుగా కొందరికి కిడ్నీలో వాపు వస్తుంది. చాలా ఏళ్ళు వాడితే బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు. కానీ 17 వేల మందికి పైగా జనాన్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పాంటాప్రజోల్, ఇంకో జట్టుకి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి సుమారు మూడేళ్ళు గమనించిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. అందులో పేగుల ఇన్‌ఫెక్షన్లు కాస్త పెరగడం తప్ప కిడ్నీ జబ్బులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అవసరం ఉన్నన్నాళ్ళు వాడితే భయం లేదు, అవసరం తీరాక ఏళ్ళ తరబడి ఊరికే వాడకూడదు. పట్టీ మీద దీంతోపాటు డోంపెరిడోన్ అని కూడా రాసి ఉందేమో చూడండి. ఉంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, అది గుండె లయను మార్చగలదు కాబట్టి నెలల తరబడి వాడేది కాదు.

మానేస్తే రెట్టింపు మంట అన్నారు. అంత మాత్రాన మీ జబ్బు ముదిరిందని కాదు. చాలాకాలం అణిచిపెట్టిన ఆమ్లం బిళ్ళ ఒక్కసారిగా ఆపగానే కొద్ది వారాలు ఎక్కువగా ఊరుతుంది. ఇప్పుడే మానేయకండి. ముందు భోజనం వేళ, ఇటుకలు, ఎడమవైపు నిద్ర మొదలుపెట్టి, బిళ్ళను సరిగ్గా వాడండి: పొద్దున టిఫినుకు అరగంట, ముప్పావుగంట ముందు, ఖాళీ కడుపున. టిఫినయ్యాక వేసుకుంటే దాని బలం సగం వృథా. ఎనిమిది వారాలు ఇలా గడిచి రాత్రిళ్ళు ప్రశాంతంగా ఉంటే, అప్పుడు డాక్టరుని అడిగి మోతాదు తగ్గిస్తూ, రోజు విడిచి రోజుకు మారుస్తూ మానొచ్చు.

ఎనిమిది వారాలకీ తగ్గకపోతే ఎండోస్కోపీ చేయించాలి. అన్నం గొంతులో అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత తేలినా, వాంతులు ఆగకపోయినా ఎనిమిది వారాలు కూడా ఆగొద్దు. వాంతిలో రక్తం కనబడినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఆరోజే ఆసుపత్రికి వెళ్ళండి. ఐరన్ బిళ్ళలు వాడుతుంటే విరేచనం నల్లగానే ఉంటుంది, ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. ఎండోస్కోపీ అంటే చాలామంది గొట్టం మింగించడమని హడలిపోతారు. ముందురోజు రాత్రి పెందరాళే తిని, పొద్దున ఏమీ తినకుండా వెళ్ళాలి. గొంతుకు మొద్దుబారే మందు కొడతారు, లోపల చూడడం పది నిమిషాల్లో అయిపోతుంది. బీపీ బిళ్ళ ఆరోజు పొద్దున వేసుకోవాలా వద్దా అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మత్తు ఇంజెక్షన్ ఇస్తే ఆరోజంతా తూలుగా ఉంటుంది, మీవారినో అమ్మాయినో వెంటబెట్టుకుని వెళ్ళండి.